సంచిలోని మాత్ర

1989వ సంవత్సరము శీతకాలమున మా పెద్దనాయన కోస్గిలో చనిపోయినాడు. తెల్లవారుజామున లేచి ఎద్దులకు చొప్ప వేసివచ్చి, అరుగుమీద కూర్చుండి, రొమ్ము మధ్యన బండ పెట్టినట్లున్నదని అన్నాడు. ఒంటినిండ చెమట. పెద్దమ్మ శొంఠి కషాయము కాచి యిచ్చినది. ఎవరో సోడా తెచ్చినారు. ఊరిలో పేరున్న వైద్యుడు, పట్టా గలవాడే, కబురందిన వెంటనే సైకిలుమీద వచ్చినాడు. నాడి చూచినాడు, స్టెతస్కోపు పెట్టి విన్నాడు. "ఏం భయం లేదు, వాయువు. రాత్రి ఏం తిన్నవు?" అని అడిగి, ఒక సూది వేసి, మధ్యాహ్నము మరల చూచెదనని వెళ్ళినాడు. మధ్యాహ్నము ఆయన వచ్చునప్పటికి ఇంటిముందు జనము గుమిగూడియున్నారు.

ఆ వైద్యుడు చెడ్డవాడు కాడు. బీదల యొద్ద రూపాయి పుచ్చుకొనక సూది వేసిన చేయి అది. ఆనాడు మా యింటి అరుగుమీదనే కూలబడి చాలసేపు మాటాడలేకపోయినాడు. నేనప్పుడు కళాశాల విద్యార్థిని. ఆయువు తీరినదని అందరు అనుకొన్నట్లే నేనును అనుకొన్నాను. అట్లే పదునెనిమిదేండ్లు అనుకొన్నాను.

తరువాత నా శిష్యుడొకడు, తెలుగు మాధ్యమమున చదివి పైకి వచ్చినవాడు, వైద్యపట్టా పుచ్చుకొని మా ప్రాంతమునకే తిరిగివచ్చి ఆసుపత్రి పెట్టినాడు. ఒక సాయంకాలము మాటల సందర్భమున పెద్దనాయన సంగతి చెప్పినాను. అతడు కొంతసేపు ఊరకుండి, "సార్, ఆ దినం ఆ డాక్టరు సాబు సంచిల ఆస్పిరిన్ మాత్ర ఉండే ఉంటది. తలనొప్పికి అందరికి ఇచ్చేటోళ్లు గద" అన్నాడు.

ఆ మాట అర్థమగుటకు గుండెపోటు అననేమో కొంచెము తెలియవలెను. గుండెలో ఎల్లప్పుడు రక్తము నిండియుండునుగదా, దానికి రక్తము కరవగుట యేమని మన విద్యార్థులు అడుగుచుందురు. గుండె లోపలి రక్తము గుండె కండకు నేరుగా ఉపయోగపడదు. ఆ కండకు వేరుగ సన్నని ధమనులున్నవి. చెరువు నిండియున్నను తూము పూడుకొనిపోయినచో క్రింది మడి యెండిపోవును, ఇదియు అట్టిదే. ధమని గోడలో పేరుకొన్న కొవ్వు పగిలినచోట రక్తము గడ్డకట్టును, దారి మూసుకొనును, ఆ దారి క్రిందనున్న కండ గంటగంటకు చచ్చుచుండును. ఇంత తేటగ కనిపించు ఈ విషయముమీద కూడ వైద్యులు చాలకాలము వాదులాడినారు. గడ్డ గుండెపోటునకు కారణమా, లేక గుండెపోటు వచ్చిన తరువాత ఏర్పడునదా అని సందేహము. 1980లో అమెరికాలో డివుడ్ అను వైద్యుడును, ఆయన సహచరులును, నొప్పి మొదలైన నాలుగు గంటలలోపల ఆసుపత్రికి వచ్చినవారి ధమనులను పరీక్షించి, నూటికి 87 మందిలో దారి పూర్తిగా మూసుకొనియుండుట చూపినారు. గడ్డయే దొంగ యని తేలిన తరువాత దానిని కరిగించుట యెట్లను ప్రశ్న మిగిలినది.

దానికి జవాబు 1988లో వచ్చినది. ఐసిస్-2 అను పేర ఒక మహాపరీక్ష జరిగినది. అనేక దేశములలో వందలకొలది ఆసుపత్రులు కలసి, గుండెపోటు వచ్చినదని అనుమానించిన 17,187 మందిని నాలుగు జట్లు చేసినవి. ఒక జట్టునకు గడ్డను కరిగించు స్ట్రెప్టోకైనేజు అను మందు. ఒక జట్టునకు నెలదినములపాటు ఆస్పిరిన్. ఒక జట్టునకు రెండును. మిగిలినవారికి ఆ రెండును కాని ఉత్తుత్తి మందు. అయిదు వారములలో, ఏదియు అందనివారిలో నూటికి 13 మంది గుండె, రక్తనాళముల జబ్బుతో చనిపోగా, రెండును అందినవారిలో 8 మంది చనిపోయినారు. ఆస్పిరిన్ ఒక్కటే అయినను అట్టి మరణములను దాదాపు నాలుగవ వంతు తగ్గించినది. ఆస్పిరిన్ 1899 నుండి బజారులో ఉన్న మందు. కొన్ని పైసల మాత్ర.

ఈ పరీక్ష వ్రాసినవారి చమత్కార మొకటి ఉపాధ్యాయులకు నచ్చును. రోగులను వయస్సునుబట్టి, మరి యితర లక్షణములనుబట్టి చిన్న చిన్న గుంపులుగ విడదీసి ఫలితములు చూపుడని సంపాదకులు పట్టుపట్టినారట. చిన్న గుంపులలో కనిపించు తేడాలు నమ్మదగినవి కావని చెప్పుటకు, వారు రోగులను పుట్టిన రాశులనుబట్టి కూడ విడదీసి అచ్చువేసినారు. మిథున, తులా రాశులవారికి ఆస్పిరిన్ పనిచేయలేదని తేలినది! పంచాంగము చూచి మందిమ్మని దాని అర్థము కాదు. లెక్కలు ఎట్లు మోసపుచ్చునో పది పుటలలో చెప్పరాని పాఠము ఒక వరుసలో చెప్పినారు.

ఇదంతయు మా పెద్దనాయన చనిపోవుటకు ఏడాది ముందటి మాట. ఆ మాత్ర వేసియుండినచో ఆయన బ్రతికియుండునని నేననను. నూటికి ఇద్దరో ముగ్గురో అదనముగ బ్రతికిన లెక్కలో ఆయన ఉండునో లేడో ఎవరు చెప్పగలరు? కాని లండనులో అచ్చయిన మాట కోస్గికి నడచివచ్చుటకు దారి లేకపోయినది. సైకిలుమీద తిరుగు ఆ వైద్యునికి ఆ పత్రిక తెప్పించు స్తోమత లేదు. చదువు తీరిక అంతకన్న లేదు. మందుల కంపెనీల ప్రతినిధులు నెలనెల వచ్చి క్రొత్త మందుల సంగతి చెప్పిపోవుచుండిరి. కాని పైసల మాత్రకు ప్రచారము చేయుటకు ఎవరు వత్తురు?

పాఠము ఎల్లప్పుడు పడమటినుండియే వచ్చినదని అనుకొనరాదు. గుండె విషయమున ఒకప్పుడు హైదరాబాదే లండనుకు పాఠము చెప్పబోయినది. ఆ కథ మన పాలమూరువారికి మరింత దగ్గర. 1890లో ఏ నిజాము పేరుమీద పాలమూరు మహబూబ్‌నగరమైనదో, ఆ మీర్ మహబూబ్ అలీఖానే దానికి ధనమిచ్చినాడు.

1847లో ఎడింబరో నగరమున సింప్సను క్లోరోఫారమును శస్త్రచికిత్సలో ప్రవేశపెట్టినాడు. మూడు మాసములు తిరుగకముందే, 1848 జనవరిలో, ఇంగ్లండులో హన్నా గ్రీనరను పదునైదేండ్ల పిల్ల కాలిగోరు తీయించుకొనుటకు వచ్చి, క్లోరోఫారము పీల్చిన కొన్ని నిమిషములలో ప్రాణము విడిచినది. ఇట్టి మరణములు పెరిగినవి. క్లోరోఫారము గుండెను ఆపునా, శ్వాసను ఆపునా? లండనువారు గుండెను అనుమానించి నాడిమీద వ్రేలుంచుమనిరి. ఎడింబరోవారు శ్వాసను కనిపెట్టియుండుమనిరి. ఎడింబరోలో చదివిన ఎడ్వర్డు లారీ అను వైద్యుడు హైదరాబాదు రెసిడెన్సీ సర్జనుగ వచ్చినాడు. 1846లో స్థాపితమై చాలకాలము ఉర్దూలోనే వైద్యము నేర్పిన హైదరాబాదు వైద్యపాఠశాలకు ఆయనయే అధిపతి. వేలమందికి క్లోరోఫారమిచ్చిన అనుభవశాలి. 1888లో ఒక సంఘమును కూర్చి కుక్కలమీద పరీక్షలు చేయించి, శ్వాసయే ముందు ఆగును, గుండెకు భయము లేదు అని ప్రకటించినాడు. లండనులోని లాన్సెటు పత్రిక నమ్మలేదు. అప్పుడు నిజాము వేయి పౌనుల ఖర్చు భరించెదనని, మీ మనిషినే పంపి పరీక్ష చేయించుకొనుడని కబురు పంపించినాడు. 1889లో లాడర్ బ్రంటను అను ప్రసిద్ధ వైద్యుడు హైదరాబాదు వచ్చినాడు. రెండవ సంఘము వందలకొలది జంతువులమీద పరీక్షలు చేసినది. లారీ చెప్పినదే నిజమని, సందేహముతో వచ్చిన బ్రంటనే ఒప్పుకొన్నాడు.

అంతటితో కథ ముగిసియుండిన మనకెంతో గర్వకారణముగ ఉండెడిది. ముగియలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ అను వైద్యుడు పిల్లులమీద పరీక్షలు చేసి వేరొక సంగతి చూపినాడు. క్లోరోఫారము లోతుగ ఇచ్చినప్పుడు కాదు, పలుచగ ఇచ్చినప్పుడు, శరీరములో అడ్రినలిన్ పెరిగినచో, గుండె కొట్టుకొనుట మాని వట్టిగ వణకుట మొదలుపెట్టును. మనిషి క్షణములో పోవును. భయపడిన మనిషికి అడ్రినలిన్ తనంతట తానే ఊరునుగదా. కాలిగోరు తీయించుకొనవచ్చిన ఆ పిల్ల యెంత భయపడియుండునో! హైదరాబాదు పరీక్షలలో ఈ స్థితి చిక్కలేదు. వారు చూచినది అబద్ధము కాదు. చూచినదే సర్వమనుకొనుట పొరపాటు. శ్వాసను కనిపెట్టియుండుమన్న లారీ బోధ మాత్రము నేటికిని మంచిదే.

ఈ కథలో నాకు లారీకన్న ఎక్కువ ఇష్టమైన వ్యక్తి రూపాబాయి ఫర్దూన్‌జీ. లారీ పాఠశాలలోనే చదివి, క్లోరోఫారమిచ్చు విద్యలో ఆరితేరిన పార్సీ వనిత. మత్తువైద్యులలో ప్రపంచమున తొలి మహిళ యని ఆమెను చెప్పుకొందురు. ఇరువదియేండ్లు పనిచేసిన తరువాత, 1909లో, తనకు తెలిసినది చాలదని ఓడ యెక్కి ఎడింబరోకు వెళ్ళి చదువుకొన్నది. మత్తు వైద్యమునకు ప్రత్యేకమైన పట్టా అప్పటికి లేదు. మత్తుమందుల స్వభావము తెలియుటకు పనికివచ్చునని భౌతిక, రసాయన శాస్త్రములు చదివినది. ఆమెను వెళ్ళుమని ఏ నిబంధనయు శాసించలేదు.

తరువాతి కాలమున కూడ హృద్రోగ వైద్యము ఎన్నిసార్లు మొగము త్రిప్పుకొన్నదో చెప్పనలవి కాదు. గుండెపోటు వచ్చినవారిని వారములకొలది మంచముమీద కదలనీయకుండ పరుండబెట్టెడివారు. 1952లో అమెరికాలో లెవీన్, లౌన్ అనువారు వారిని కుర్చీలో కూర్చుండబెట్టి చూచి, అదియే మేలని చెప్పినారు. గుండె లయ తప్పకుండ కొన్ని మందులు ధారాళముగ ఇచ్చుచుండిరి. 1989లో ఒక పరీక్షలో ఆ మందులు పుచ్చుకొన్నవారే ఎక్కువమంది చచ్చుచున్నట్లు తేలినది. బలహీనమైన గుండెకు విషమని పాఠ్యగ్రంథములు చెప్పిన బీటా బ్లాకర్లే, జాగ్రత్తగ కొద్దికొద్దిగ ఇచ్చినచో ఆయువు పెంచునని 1999 నాటికి రుజువైనది. 1975లోనే స్వీడనువారు ఈ మాట అన్నారు. వినుటకు ఇరువదినాలుగేండ్లు పట్టినది. కళాశాలలో శ్రద్ధగ చదివి, చదివినదానినే నిష్ఠగ ఆచరించిన వైద్యుడు కూడ రోగికి కీడు చేయగలడు. ఇదే ఈ వృత్తిలోని దారుణము.

అనుభవము ఈ లోటును పూడ్చునని మనము అనుకొందుము. తల నెరసిన వైద్యుని నమ్ముట లోకరీతి. 2005లో అమెరికాలో ముగ్గురు పరిశోధకులు 62 అధ్యయనములను కూర్చి చూడగా, సగమునకు పైగా అధ్యయనములలో, పట్టా పుచ్చుకొని ఏండ్లు గడచినకొలది వైద్యుని పని నాణ్యము తగ్గినట్లే కనిపించినది. ఈ ఫలితము చదివినప్పుడు నా నెరసిన తల నేనే తడవి చూచుకొన్నాను.

మన దేశమున 2002లో వచ్చిన వైద్యుల నడవడి నిబంధనలు, ప్రతి వైద్యుడు అయిదేండ్లలో 30 గంటలు ఇట్టి పునశ్చరణ సభలలో పాల్గొనవలెనని చెప్పినవి. ఏడాదికి ఆరు గంటలన్నమాట; మన పాఠశాలలో ఒక్క దినపు చదువు. అదియైన ఎట్లు జరుగును? కళాశాల ఉపన్యాసకులకు కూడ పునశ్చరణ తరగతులున్నవి. నేను మూడు వారములపాటు ఒకచోట కూర్చుండి వచ్చినాను. మధ్యాహ్న భోజనము తరువాత వక్త ధ్వని సిద్ధాంతము చెప్పుచుండగా వెనుక వరుసలో వేరు ధ్వనులు వినవచ్చినవి. అందరికి ధ్రువపత్రములు ముట్టినవి. తిరిగివచ్చి నా తరగతిలో నేను మార్చిన పాఠమేదియో నాకు జ్ఞాపకము లేదు. వైద్యుల సంగతియు ఇట్లే యున్నదని కెనడా దేశపు డేవిసును, ఆయన సహచరులును 1999లో తేల్చినారు. వట్టి ఉపన్యాసము వినిపోయిన వైద్యుని చేతిలో మార్పు రాదు; తానుగ పలికి, చేసి, పొరపడి, దిద్దుకొన్న తరగతి వలన వచ్చును. బడిపంతులు ఎవరైనను చెప్పగలిగిన ఈ మాటకు పదునాలుగు పరీక్షల సాక్ష్యము కావలసివచ్చినది!

నా శిష్యుడు చెప్పిన అనుభవమే దీనికి ఉదాహరణము. అతడు మొదట్లో సభలకు సంతకము కొరకే పోయెడివాడట. ఒకసారి హైదరాబాదులో ఒక హృద్రోగ వైద్యుడు ఉపన్యాసము మాని, తెరమీద ఒక ఇ.సి.జి. పటము చూపి, వరుసగ ఒక్కొక్కరిని లేపి అడిగినాడు. మావాడు లేచి "నార్మల్" అన్నాడు. అందరు అదే అన్నారు. తరువాత ఆ వైద్యుడు అదే రోగికి ఇరువది నిమిషముల పిమ్మట తీసిన పటము చూపినాడు. గీతలు గోడవలె లేచియున్నవి; మొదటి సంవత్సరపు విద్యార్థియైనను గుర్తించును. మొదటి పటము మంచిగ ఉన్నంత మాత్రాన గుండెపోటు లేదనరాదు, నొప్పి పోకున్నచో మరల మరల తీయవలెనని అప్పుడు బోధపడినది.

"ఈ సంగతి పుస్తకంల లేదా?" అని అడిగినాను.

"ఉన్నది సార్. పరీక్షల రాసిన గూడ. కాని అంతకుముందు నేను నలుగురినో అయిదుగురినో ఒక్క ఇ.సి.జి. తీసి, గ్యాసని ఇంటికి పంపిన. వాళ్లేమైనరో నాకు తెల్వదు. ఆ దినం కుర్చీల కూసున్నంతసేపు వాళ్ల మొకాలే కండ్లముందటికి వచ్చినయి."

2022లో మా మిత్రుడొకడు, విశ్రాంత తెలుగు పండితుడు, పెండ్లి విందు చేసివచ్చిన రాత్రి రొమ్ములో మంట యన్నాడు. ఇంటిల్లిపాది బూరెలను తప్పుపట్టినారు. నేనే బలవంతముగ నా శిష్యుని ఆసుపత్రికి తీసికొనిపోయినాను. మొదటి పటము చూచి వాడు ఏమియు అనలేదు. గోడ గడియారము చూచినాడు. పదునైదు నిమిషములు ఆగి మరల తీసినాడు, గీత లేవసాగినది. ఆస్పిరిన్ చేతిలో పెట్టి నమలుమన్నాడు. నమలిన మాత్ర త్వరగ రక్తములో కలయునట. మిత్రుడు "నమిలే మాత్రనా ఇది?" అని మొగము చిట్లించి నమలినాడు. పటము ఫోటో తీసి హైదరాబాదు హృద్రోగ వైద్యునికి పంపినాడు. నిమిషములలో జవాబు వచ్చినది. 108 బండిలో మహబూబ్‌నగరమునకు చేర్చి గడ్డ కరిగించు సూది వేయించినాము. మరునాడు హైదరాబాదులో ధమనిని వెడల్పు చేసి స్టెంటు పెట్టినారు. ఇప్పుడు ఆయన ప్రతి సాయంకాలము నాతో అర్ధానుస్వారముమీద తగవులాడుచున్నాడు.

1989లో లేనివి ఇప్పుడెన్నో యున్నవి. 2005లో హైదరాబాదులో మొదలైన 108 బండ్లు పల్లెలకు వచ్చినవి. 2007లో ఆరోగ్యశ్రీ మొదటి విడత ఏర్పడిన మూడు జిల్లాలలో మహబూబ్‌నగర మొకటి. 2016లో జిల్లాకు వైద్యకళాశాల వచ్చినది. కాని బండి పిలువవలెనా, కషాయము కాయవలెనా అను తీర్పు మొదట చూచిన వైద్యునిదే. ఆ తీర్పు తప్పినచో తరువాతి యేర్పాట్లన్నియు వాకిట నిలిచిపోవును. హృద్రోగము పట్టణపు ధనికుల జబ్బను భ్రమ కూడ ఈ తీర్పును చెడగొట్టుచున్నది. ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో 2003-04లో ఒక యేడాది మరణములను లెక్కించగా, నూటికి 32 గుండె, రక్తనాళముల జబ్బులవే.

తమిళనాడులో పెద్ద ఆసుపత్రులకు చిన్న ఆసుపత్రులను జతచేసి, పటములు పంపుకొనుచు, వెంటనే సలహా యందించు ఏర్పాటు చేసి 2012-14 మధ్య పరీక్షించినారు. యేడాదిలోపల మరణములు నూటికి 17.6 నుండి 14.2కు తగ్గినవి. కేరళలో 63 ఆసుపత్రుల వైద్యులకు చికిత్సా క్రమపు పట్టికలు, శిక్షణయు ఇచ్చి 21 వేలకు పైగా రోగులలో ఫలితము చూచినారు. 2018లో వెలువడిన ఆ లెక్కలో చెప్పుకొనదగిన తేడా రాలేదు. అక్కడి వైద్యము అప్పటికే మెరుగుగ ఉండుట ఒక కారణము కావచ్చును. పట్టిక గోడకు అంటించినంత సులభము కాదు పాఠము చేతికి దిగుట. పటము పంపిన క్షణముననే "ఇది తప్పు, మరల చూడు" అనువాడొకడు అవతల ఉన్నచో, ప్రతి రోగియు ఒక తరగతియే.

మా వాడు ఇప్పుడు ఊళ్ళలోని ఆర్.ఎం.పి.లను ఆదివారము సాయంకాలము కొన్నిసార్లు పిలిచి కూర్చుండబెట్టుకొనుచున్నాడు. దీనిని తోటి వైద్యులు కొందరు మెచ్చరు. పట్టా లేనివారికి పాఠము చెప్పుట వారికి గుర్తింపునిచ్చుటయే యని వారి వాదము. ఆ వాదములో బలమున్నది. కాని అర్ధరాత్రి తండాలో రొమ్ము నొప్పి వచ్చినవాడు మొదట తలుపు తట్టునది ఎవరిదో అందరికి తెలిసినదే. అతడు వారికి చెప్పునది రెండే మాటలు: రొమ్ము నొప్పికి సూది వేయవద్దు, ఎంత రాత్రియైనను నాకు ఫోను చేయుడు.

నెలకొక ఆదివారము అతడు తన ఆసుపత్రికి తాళము వేసి, తెల్లవారుజామున మొదటి బస్సుకు హైదరాబాదు పోవుచున్నాడు. మొన్న ఒకనాడు బస్టాండులో ఇద్దరము కలిసినాము. అతని చేతిలో ఒక నోటుపుస్తకము; తప్పు చదివిన పటములనన్నింటిని తేదీలతో అందులో అంటించి యుంచినాడు. అంతలో మందు కొరకు వచ్చి తాళము చూచిన ముసలామె యొకతె మమ్ము వెతుకుకొనుచు వచ్చి, "ఏమి డాక్టరు సాబూ, ఇంక ఎన్నేండ్లు చదువుతవు?" అని కేక వేసినది. బస్సు కదలుచుండగనే అతడు ఆమెకు మాత్రలచీటి వ్రాసియిచ్చి, పరుగున పోయి యెక్కినాడు.